జార్జియా ఆర్టిస్టుల్లో ఎవరితో మొదలుపెట్టాలి?

మా అక్క కొడుకు జార్జియా దేశపు రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మన వైపు నుంచి అక్కడికి వెళ్ళి డాక్టరు చదువు చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళను చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు కొండలు, పాత బస్తీ, రోప్‌వే చూసి ఫోటోలు దిగి వచ్చేస్తారు. పోయినసారి మావాడు ఫోన్ చేసి వేరే మాట అడిగాడు. "పిన్నీ, నాకు ఒక్క ఆదివారం ఖాళీ ఉంది. ఇక్కడి ఆర్టిస్టుల్లో ఎవరి పని చూస్తే ఈ దేశం కొంచెమైనా తలకెక్కుతుంది?"

వాడికి ఫోన్‌లో చెప్పింది సరిపోలేదనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను. అక్కడికి వెళ్ళేవాళ్ళకూ, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసేవాళ్ళకూ ఇది పనికొస్తుంది.

ముందు ఒక సలహా. ఎవరికి ఎక్కువ పేరుందో చూసి ఎంచుకుంటే తొందరగా విసుగొస్తుంది. ఎవరు ఏం పోగొట్టుకున్నారో, దాని గురించి ఏం చేశారో చూసి ఎంచుకోండి. ఎందుకంటే జార్జియాలో జ్ఞాపకం అనేది అద్దాల బీరువాలో పెట్టిన వస్తువు కాదు, ఇంకా పచ్చి గాయం. 1921లో ఎర్రసైన్యం వచ్చి దేశాన్ని సోవియట్‌లో కలిపేసింది. 1924 ఆగస్టులో తిరగబడినవాళ్ళను వరసపెట్టి చంపేశారు. 1991లో మళ్ళీ స్వతంత్రం వస్తే, ఆ చలికాలంలోనే రాజధాని నడిబొడ్డున సొంతవాళ్ళే ఒకరినొకరు కాల్చుకున్నారు. 1992-93లో విడిపోతామన్న అబ్ఖాజియా ప్రాంతంలో యుద్ధం, రెండు లక్షలకు పైగా జార్జియన్లు ఇళ్ళు వదిలేసి పరుగు. 2008 ఆగస్టులో రష్యాతో ఐదు రోజుల యుద్ధం. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళున్న ఆర్టిస్టు ఎవరైనా వీటిలో కొన్నిటినైనా కళ్ళారా చూసినవాళ్ళే.

ఇల్లు కావాలా, ఊరు కావాలా

నా ఉద్దేశంలో అసలు పోలిక ఇద్దరి మధ్యే. వాజికో చాచ్‌ఖియాని, ఆండ్రో వెకువా. వీళ్ళిద్దరిలో మీకు ఎవరు దగ్గరో తెలిస్తే మిగతాది దానంతట అదే తెలుస్తుంది.

చాచ్‌ఖియాని 1985లో టిబిలిసిలో పుట్టారు. ముందు లెక్కలు, కంప్యూటర్లు చదివి తర్వాత కళలోకి వచ్చారు. ఇటలీలోని వెనిస్‌లో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన బియెన్నాలెలో, 2017లో, జార్జియా తరఫున ఆయన పెట్టింది ఒక పాత చెక్క ఇల్లు. జార్జియా పల్లెలో మనుషులు వదిలేసి వెళ్ళిపోయిన ఇల్లు అది. దాన్ని ముక్కముక్కలుగా విప్పి వెనిస్‌కు తెచ్చి, అక్కడ మళ్ళీ యథాతథంగా నిలబెట్టారు. లోపల సామాను ఉంది, గోడకు పటాలున్నాయి. రోజూ వాడే వస్తువులన్నీ, ఇంటివాళ్ళు ఇప్పుడే సంతకు వెళ్ళినట్టు, ఎక్కడివక్కడ ఉన్నాయి.

ఆ ఇంట్లో వాన పడుతుంది. ఇంటి బయట కాదు, లోపల. బయట గోడలు పొడిగా ఉంటాయి, లోపల మాత్రం నీళ్ళు కారుతూనే ఉంటాయి. లోపలికి వెళ్ళడానికి లేదు. కిటికీ దగ్గర నిలబడి తొంగి చూడాలి. ప్రదర్శన జరిగిన ఆరు నెలలూ ఆ వాన పడుతూనే ఉంది. చెక్క ఉబ్బింది, సామాను పాడైంది, నాచు పట్టింది. మేలో చూసినవాళ్ళు చూసిన ఇల్లు వేరు, నవంబరులో చూసినవాళ్ళు చూసిన ఇల్లు వేరు. బయటి నుంచి చూస్తే మాత్రం అదే ఇల్లు.

దీనికి ఆయన పెట్టిన పేరు 'చచ్చిన సింహాల మధ్య బతికున్న కుక్క'. బైబిల్లో ప్రసంగి గ్రంథం చదివినవాళ్ళకు వెంటనే తడుతుంది, చచ్చిన సింహం కంటే బతికున్న కుక్క మేలు అనే మాట. ఎలాగోలా బతికి బయటపడ్డవాడి లోపల ఏం కురుస్తూ ఉంటుందో ఆ ఇల్లు చూపిస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఊళ్ళో తాళం పడి ఉన్న పెంకుటిల్లు మనలో ఎంతమందికి లేదు! పండక్కి వెళ్ళి తాళం తీసినప్పుడు వచ్చే ఆ చెమ్మ వాసన తెలిసినవాళ్ళకు ఈ ఇంటి గురించి ఇంకెవరూ వివరించక్కర్లేదు.

అదే ఏడాది ఆయన తీసిన చిన్న సినిమా ఒకటుంది. క్రేన్ ఒకటి సముద్రంలోంచి కాంక్రీటు విగ్రహాన్ని పైకి తీస్తుంది. ఒక మనిషి దాన్ని తాడుతో తన ట్రక్కు వెనక కట్టి రోడ్డు మీద ఈడ్చుకుపోతాడు. విగ్రహం రాసుకుంటూ, పగులుతూ, చివరికి ముక్కలై పోతుంది. ఒక్క మాట వినబడదు. విగ్రహాలు కూలగొట్టిన దేశం మనిషి తీసిన సినిమా అని చూస్తుంటేనే తెలుస్తుంది.

వెకువా దారి వేరు. 1977లో అబ్ఖాజియాలోని సుఖుమిలో పుట్టారు. నల్లసముద్రం ఒడ్డున అందమైన ఊరు. 1989లో అక్కడ జరిగిన అల్లర్లలో తండ్రిని చంపేశారు. కుటుంబం ఊరు విడిచింది. 1993 సెప్టెంబరులో సుఖుమి జార్జియన్ల చేతుల్లోంచి పూర్తిగా పోయింది. వెకువా స్విట్జర్లాండ్‌లో చదువుకుని బెర్లిన్‌లో స్థిరపడ్డారు. పుట్టిన ఊరికి వెళ్ళే దారి ఆయనకు లేదు.

2011 నాటికి ఆయన ఆ ఊళ్ళోని కొన్ని భవనాలను నమూనాలుగా చేసి చూపించారు. హోటళ్ళు, ఇళ్ళు, చిన్నప్పుడు చూసినవి. కొంత తనకున్న గుర్తు, కొంత ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలు. ఎంత తెలిస్తే అంతే చేశారు. గుర్తులేనిచోట, ఫోటోలో కనబడని వైపున, గోడను అలాగే ఖాళీగా వదిలేశారు. కిటికీ ఉండేదో లేదో తెలియనప్పుడు ఊహించి పెట్టలేదు. నాకు ఈ ఒక్క నిర్ణయమే చాలు ఆయన మీద గౌరవం పుట్టడానికి. మరిచిపోయిన చోటును నింపేయడం చాలా తేలిక. ముందు వైపు మెట్లు, బాల్కనీలు అన్నీ ఉండి వెనక్కి తిరిగితే ఉట్టి గోడ కనబడ్డప్పుడు, ఒక పిల్లవాడు ఆ వీధిలో ఏ వైపు నుంచి నడిచేవాడో తెలిసిపోతుంది.

ఇంతకూ ఎవరిని ఎంచుకోవాలి? ఇల్లు ఉంది, మనుషులు లేరు అన్నది మీ కథైతే చాచ్‌ఖియాని. మనుషులు ఉన్నారు, వెళ్ళడానికి ఊరు లేదు అన్నది మీ కథైతే వెకువా. ఆర్ట్ అంటే అలవాటు లేనివాళ్ళు మాత్రం చాచ్‌ఖియానితో మొదలుపెట్టడం మంచిది. వాన పడుతున్న ఇల్లు ఎవరికైనా అర్థమవుతుంది. వెకువా చేసే మైనపు బొమ్మల్లాంటి పిల్లల ఆకారాలు, కాగితాలు, ఫోటోలు అతికించి చేసే కొలాజ్‌లు మొదట్లో బిగుసుకుపోయినట్టు అనిపిస్తాయి. సుఖుమి కథ తెలిశాక మళ్ళీ చూడాలి.

ఒక చిక్కుంది. ఈ ఇద్దరి పెద్ద పనులూ టిబిలిసిలో మీరు వెళ్ళిన రోజున దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఎక్కువగా యూరప్ మ్యూజియంలలో తిరుగుతుంటాయి. వీడియోలో చూడాల్సి వస్తే వాన ఇల్లు బాగానే అందుతుంది. వెకువా నమూనాలు ఫోటోలో సగమే అందుతాయి, వాటి చుట్టూ తిరగాలి కాబట్టి.

మొహాలు

పాతతరం వాళ్ళలో లెవాన్ చోగోష్విలిని వదులుకోవద్దు. 1953లో పుట్టారు. 1970ల నుంచి ఆయన వేసిన ఒక వరస బొమ్మలకు పేరు 'ధ్వంసమైన ప్రభువర్గం'. విప్లవానికి ముందు స్టూడియోల్లో తీయించుకున్న కుటుంబ ఫోటోలను ఆధారం చేసుకుని వేసినవి. జార్జియా దుస్తుల్లో, నడుముకు బాకుతో మగవాళ్ళు, ముసుగులు, నగలతో ఆడవాళ్ళు, నిటారుగా కూర్చున్న పిల్లలు. వాళ్ళలో చాలామందిని తర్వాత చంపేశారు, కొందరిని దేశం నుంచి తరిమేశారు. ఆ ఫోటోలు ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదమైన రోజులు అవి. అలాంటి కాలంలో, సర్కారు హాళ్ళలో చోటు దొరకదని తెలిసీ, ఆ మొహాలను పెద్దవి చేసి రంగుల్లో వేయడం మామూలు ధైర్యం కాదు.

ఇక్కడ వారసత్వ దుస్తులు అలంకారం కోసం లేవు. ఈ తేడా పట్టుకోండి, మిగతా అందరినీ తూచడానికి ఇదే నా తక్కెడ. బొమ్మలో నుంచి సంప్రదాయ దుస్తులు తీసేస్తే ఇంకేమీ మిగలకపోతే అది టూరిస్టుల కోసం వేసింది. చోగోష్విలి బొమ్మలో దుస్తులు తీసేసినా ఆ కళ్ళు మనల్ని వదలవు.

అన్నట్టు, వాళ్ళ ఇంటిపేర్లు గమనించారా? చివర 'శ్విలి' అంటే బిడ్డ, 'ద్జె' అంటే కొడుకు. ప్రతి మనిషీ ఎవరో పూర్వీకుడి బిడ్డగానే పేరు చెప్పుకుంటాడు. పెద్దవాళ్ళ మొహాలు చెరిపేయడం అక్కడ ఎంత పెద్ద శిక్షో దాన్నిబట్టి ఊహించండి.

ఫోటోలే ఇష్టమైతే కోకా రామిష్విలి. 1991 డిసెంబరు చివర్లో టిబిలిసి మధ్యలో పోరు మొదలైనప్పుడు ఆయన తన కిటికీలోంచి ఫోటోలు తీశారు. 1992 జనవరి మొదటి వారం దాకా జరిగిన పోరు అది. దూరంగా కప్పుల మీదుగా పొగ, ఆకాశం, మళ్ళీ పొగ. శవాలు లేవు, వీరులు లేరు. యుద్ధం జరుగుతుంటే మామూలు మనిషికి నిజంగా కనబడేది అంతే కదా. టీవీలో యుద్ధాలు చూసి చూసి మొద్దుబారినవాళ్ళు ఈ ఫోటోల దగ్గర ఆగాలి.

నగరం: బతూమి బొమ్మా, పాత వాచీ రిపేర్ల బిల్డింగా

అందరికీ తెలిసిన పేరు తమారా క్వెసితాద్జె. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగిన వీడియో ఆమెదే. నల్లసముద్రం పక్కనున్న బతూమి ఊళ్ళో, ఒడ్డున దాదాపు 8 మీటర్ల ఉక్కు బొమ్మలు రెండు, ఒక మగ, ఒక ఆడ. సాయంత్రం ఏడింటికి కదలడం మొదలవుతుంది. ఎదురెదురుగా వస్తారు, దగ్గరవుతారు, ఒకరిలోంచి ఒకరు దూరి అవతలికి వెళ్ళిపోతారు. పది నిమిషాల్లో అయిపోతుంది.

దగ్గర నిలబడితే వీడియోలో కనబడనిది ఒకటి కనబడుతుంది. ఆ శరీరాలు నిండుగా ఉండవు. అడ్డంగా పేర్చిన ఉక్కు పలకలు, మధ్యమధ్య ఖాళీ. ఒకరి పలకలు మరొకరి ఖాళీల్లోంచి తగలకుండా జారిపోతాయి. ఒక్క క్షణం ఇద్దరూ ఒకే మనిషిలా కనబడతారు, అప్పుడు జనం గబగబా ఫోన్లు ఎత్తుతారు. మరుక్షణం వీపులు కనబడతాయి. ఫోన్లు దిగిపోతాయి. నేను మాత్రం ఆ వీపులు చూడ్డానికే చివరిదాకా నిలబడ్డాను.

ఆమె చదివింది ఆర్కిటెక్చర్. ఈ పని 2007 నాటిది, 2010లో బతూమికి వచ్చింది. మొదటి పేరు 'మగ, ఆడ'. తర్వాత 'అలీ, నినో' అయింది. ఒక అజర్‌బైజాన్ ముస్లిం కుర్రాడు, ఒక జార్జియా క్రైస్తవ అమ్మాయి ప్రేమించుకునే 1937 నాటి నవలలోని పేర్లు అవి. పేరు మారాక దాని అర్థం కూడా, జార్జియా, అజర్‌బైజాన్ ఉన్న కాకసస్ ప్రాంతం అంతటి కథ అయింది. నాకైతే పాత పేరే ఇష్టం. కొత్త పేరు పర్యాటక శాఖకు బాగా పనికొచ్చింది. కానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకు, ఎండలో నడిచి అలసిపోయిన అమ్మానాన్నలకు ఇంతకంటే మంచి మొదలు లేదు. టికెట్ లేదు, వివరణ అక్కర్లేదు. పక్కనే జార్జియా 33 అక్షరాలను మెలికలు తిప్పి నిలబెట్టిన 130 మీటర్ల టవర్ ఉంటుంది. అది చూడ్డానికి బాగుంటుంది, అంతవరకే.

దానికి పూర్తిగా ఎదురు వైపున ఉన్నది సోఫియా తబతాద్జె పని. టిబిలిసిలో పిరిమ్‌జె అని ఆరంతస్తుల సోవియట్ కాలపు బిల్డింగ్ ఉండేది. వాచీలు, గొడుగులు, రేడియోలు, చెప్పులు, ఏది పాడైనా తీసుకెళ్తే బాగుచేసిచ్చేవాళ్ళు అందులో కూర్చునేవాళ్ళు. 2007లో దాన్ని పడగొట్టి బిజినెస్ సెంటర్ కట్టారు. ఆ పనివాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. తబతాద్జె వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళ మాటలు, పనిముట్లు, పనితనం పోగుచేశారు. ఇందులో కళ్ళు చెదిరేది ఏమీ లేదు. చదవాలి, వినాలి, ఓపిక కావాలి. అయినా నగరం తన మనుషులను ఎలా మర్చిపోతుందో తెలుసుకోవాలంటే నేను బతూమి బొమ్మ కంటే దీన్నే పైన పెడతాను. ఆబిడ్స్‌లోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో వాచీ రిపేరు చేసే పెద్దాయన బల్ల ఒకరోజు హఠాత్తుగా కనబడకుండా పోవడం చూసినవాళ్ళు ఒప్పుకుంటారు.

ఈ రెంటికీ మధ్యలో గియో సుంబాద్జె. 1990ల్లో కరెంటు లేక, జీతాలు లేక, అడిగే చట్టం లేక టిబిలిసి జనం తమ అపార్ట్‌మెంట్లకు బయటి నుంచి ఇనుప చట్రాలు తగిలించి గదులు పెంచుకున్నారు. ఐదో అంతస్తు బయట గాలిలో వేలాడే వంటగది, దాని మీద పై ఇంటివాళ్ళ పడకగది. 2013లో వెనిస్‌లో అలాంటి దాన్నే పాత భవనం నెత్తిన కట్టి చూపించారు, పేరు 'కామికాజె లాజియా', అంటే ప్రాణాలకు తెగించి కట్టిన బాల్కనీ అన్నట్టు. ఇది చూడ్డానికి వెనిస్ వెళ్ళక్కర్లేదు. టిబిలిసిలో సోవియట్ అపార్ట్‌మెంట్లున్న ఏ వీధిలోనైనా తలెత్తండి. మన విద్యార్థులు అద్దెకుండే బిల్డింగులకే అవి ఉండొచ్చు.

సినిమాలు తీసేవాళ్ళు

వీళ్ళను ఇంట్లోంచి కూడా వెతుక్కోవచ్చు, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఆండ్రో ఎరాద్జె 1993లో పుట్టారు. 2022 వెనిస్ బియెన్నాలెలో చూపించిన ఆయన చిన్న సినిమాలో రాత్రి అడవి, చెట్ల మధ్య బాణసంచా, ఆ వెలుగులో కదలని జంతువులు. వాజా ప్షవేలా అనే పెద్ద కవి 1901లో రాసిన కావ్యం దీనికి వెనక ఉంది. అందులో నాయకుడికి చెట్ల మాట, జంతువుల మాట అర్థమవుతుంది. ఆ కావ్యం తెలియకపోయినా సినిమా పట్టుకుంటుంది, తెలిస్తే ఆ జంతువుల చూపులు వేరేగా తగులుతాయి.

గియోర్గి గాగోషిద్జె 2018లో తీసిన సినిమా సొంత తండ్రి గురించి. పోర్చుగల్‌లో కట్టడాల పనికి వలస వెళ్ళి చేయి పోగొట్టుకున్న తండ్రి. గల్ఫ్‌కు మనుషులను పంపిన మన జగిత్యాల, నిజామాబాద్ ఇళ్ళలో ఈ సినిమాకు అనువాదం కూడా అక్కర్లేదు. ఈ ఇద్దరిలో ఒక్కటే చూడగలిగితే గాగోషిద్జెది చూడండి.

చేతి పని

ఎలెనె చంత్లాద్జె 1946లో పుట్టారు, త్స్‌కల్తుబో అనే ఊళ్ళో ఉంటారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చేతికి దొరికిన రాయి, అట్టముక్క, మిఠాయి డబ్బా మూత మీద వేస్తారు. రాతి మీద మచ్చ ఎలా ఉంటే అందులోంచి ఒక మొహం, ఒక మేక, ఒక పెళ్ళి గుంపు పైకి వస్తాయి. ఒకప్పుడు సోవియట్ సానటోరియంలతో, అంటే ఆరోగ్యం కోసం వచ్చి ఉండే విశ్రాంతి భవనాలతో, కళకళలాడిన ఊరు అది. అబ్ఖాజియా నుంచి వచ్చిన నిర్వాసితులు ఏళ్ళ తరబడి ఆ పాడుపడ్డ సానటోరియం గదుల్లోనే కాపురాలు చేశారు. ఆమె బొమ్మల్లో యుద్ధం పేరెత్తి కనబడదు, కానీ ఆమె మనుషులు ఎప్పుడూ గుంపుగా, ఒకరినొకరు పట్టుకునే ఉంటారు.

పట్టు, నేత మీద మనసున్నవాళ్ళకు నినో క్వ్రివిష్విలి. సోవియట్ కాలపు పట్టు, బట్టల ఫ్యాక్టరీల జ్ఞాపకాన్ని ఆమె బట్టతోనే చెబుతారు. పోచంపల్లి, ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ముందు ఆమెనే చూడండి. టిబిలిసిలో 1887లో మొదలైన పట్టు మ్యూజియం కూడా ఉంది. తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

కొనాలనుకుంటే

టిబిలిసిలోని డ్రై బ్రిడ్జ్ మార్కెట్‌లో వందల కొద్దీ బొమ్మలు దొరుకుతాయి. అందులో సగం నికో పిరోస్మానీకి నకళ్ళు. పిరోస్మానీ 1862 నుంచి 1918 దాకా బతికిన పేద చిత్రకారుడు, నల్లటి ఆయిల్‌క్లాత్ మీద జింకలు, విందులు వేసినవాడు. నకలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, ఇంట్లో బాగుంటుంది. కాకపోతే దాన్ని సమకాలీన కళ అనుకుని కొనకండి. అంతకంటే, ఆ మార్కెట్‌లో దుప్పట్ల మీద పరిచిన పాత పతకాలు, కెమెరాలు, టీ గ్లాసులు చూడండి. 1990ల్లో జనం ఇంట్లో వస్తువులు అమ్ముకుని పూట గడుపుకున్న చోటు అది. ఒరిజినల్ కొనే డబ్బుంటే గ్యాలరీకే వెళ్ళి, ఆర్టిస్టు పేరు, సంవత్సరం, దేనితో చేసిందీ రాసిన సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. చిన్న డ్రాయింగ్‌తో మొదలుపెట్టడమే క్షేమం.

ఇక మావాడి ఆదివారం. బతూమికి రైల్లో ఐదు గంటలు, ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే టెన్షన్, కాబట్టి అది సెలవులకు పెట్టుకోమన్నాను. పొద్దున రుస్తవేలి అవెన్యూలో నేషనల్ గ్యాలరీ, పిరోస్మానీ దగ్గర ఒక గంట. బయటికొచ్చి అదే రోడ్డు మీద పార్లమెంటు ముందు నిలబడి ఫోన్‌లో రామిష్విలి ఫోటోలు తీసి చూడమన్నాను, ఎందుకంటే ఆ పొగ లేచింది అక్కడి నుంచే. మధ్యాహ్నం డ్రై బ్రిడ్జ్. చాలా గ్యాలరీలు ఆదివారం మూసేస్తారు కాబట్టి చోగోష్విలిని, చంత్లాద్జెని ఏదో ఒక శనివారానికి ఉంచుకోమన్నాను. రాత్రి రూమ్‌కు వెళ్ళాక లైటు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాన పడే ఇంటి వీడియో.

వాడు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. "పిన్నీ, అమ్మమ్మ వాళ్ళింటి తాళం ఎవరి దగ్గరుంది?"